తలుపు చాటున తల్లి కొంగ

కినుయె సొంతంగా బొమ్మ వేసిన మొదటి జరుపుడు తలుపులు ఇవే. ఇన్నాళ్లూ గురువుగారు గీసిన గీతల్లో రంగులు నింపడమే ఆమె పని. ఇవి నచ్చితే ఏటిగట్టు సత్రంలో మిగతా గదులూ ఆమెవే. నచ్చకపోతే మళ్లీ గురువుగారి రంగుగిన్నెలు కడగాలి.

తలుపులకు కాగితం అంటించే తోకుజి తాత నాలుగు తలుపులనూ గాడిలో నిలబెట్టాడు. బంగారు రేకుల మీద, ఎడమ చివరి తలుపులో తల్లి కొంగ నడుస్తోంది. పక్క తలుపులో పిల్ల దాని వెనకే పోతోంది.

"ముద్దొస్తోందమ్మాయ్!" అంది సత్రం యజమానురాలు సదాకో. "ఏదీ, ఒకసారి తెరువు. మధ్యాహ్నం మా మనవరాలి మొదటి ముద్ద ఈ గదిలోనే."

నడిమి తలుపులు రెండూ చెరో పక్కకు జరిగి, చివరి తలుపులను కప్పేశాయి. తల్లి కొంగ మాయమైంది. గాడి చివరి స్తంభం పక్కన పిల్ల ఒక్కటే మిగిలింది.

కినుయె తలుపులను నేల మీద పక్కపక్కనే పరిచి గీసింది గానీ, తెరిస్తే ఎలా ఉంటుందో ఆలోచించలేదు.

"తలుపంటే తెరిచేదని నీకెవరూ చెప్పలేదా తల్లీ?" అన్నాడు తోకుజి.

"పసిదాని వేడుకలో తల్లిలేని పిల్లా! వద్దమ్మా, పాతవే పెట్టించేస్తా" అంది సదాకో.

బంగారం మీద పడిన సిరా పోదు. తుడిచి మళ్లీ గీసే వీల్లేదు. పొద్దున పక్కింట్లో వదిలి వచ్చిన కూతురు నావో గుర్తొచ్చింది కినుయెకు. ఏడుస్తోందేమోనని భయపడుతూనే, వస్తూ వస్తూ మలుపు దగ్గర వెనక్కి చూసింది. నావో ఏడవడం లేదు. మంచులో అమ్మ చెక్కచెప్పుల గుర్తుల మీద అడుగులేసుకుంటూ ఆడుకుంటోంది.

"అమ్మగారూ, కాసేపు ఆగండి. పాడుచేస్తే పాతవే పెట్టించుకోండి."

సిరా నూరి మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల కొంగ ముక్కు ముందు నుంచి తలుపు అంచు దాకా కొంగ అడుగుల గుర్తులు వేసింది. తోకుజి తలుపును మూసి, మళ్లీ తెరిచి చూశాడు. తలుపు మూస్తే ఆ అడుగులు తల్లి కాళ్ల దగ్గరికి చేరాయి. తెరిస్తే, తల్లి ఇప్పుడే స్తంభం చాటుకు వెళ్లినట్టుంది.

విందులో ఎర్ర అలసందల అన్నం మెతుకు పసిదాని పెదవులకు తాకించారు. అది మొహం చిట్లించింది. అందరూ నవ్వారు.

"తల్లి కొంగేదీ?" అడిగారెవరో.

"అదిగో, అటే వెళ్లింది. అడుగులు కనబడట్లా?" అంది సదాకో, తనే గీసినంత ధీమాగా. తర్వాత కినుయె వైపు తిరిగింది. "పక్కగదిలో ఏం వేస్తావే?"

"ఏం వేసినా, ముందు తెరిచి చూడమనండి" అన్నాడు తోకుజి.

ఆ మాట పూర్తయ్యేలోపే కినుయె పక్కగదిలో ఉంది. బొమ్మల్లేని తలుపులను తెరుస్తూ, మూస్తూ, మళ్లీ తెరుస్తూ.