కొయ్యూరులో ఇరుసు బిగించిన రోజు

కొయ్యూరు క్యాంపుకి చేరేసరికి వాన పడుతోంది. నేనున్నన్నాళ్ళూ పడుతూనే ఉంది. కొండల్లో దొరల మీద పితూరీ, అదే తిరుగుబాటు, నడుస్తున్న రోజులవి. నేను పటాలంలో ఫిట్టర్ని. యుద్ధంలో బస్రాలో లారీలు బాగుచేశానని ఇక్కడికి పంపారు. తుపాకీ కూడా ఇచ్చారు. ఒక్కసారీ పేల్చలేదు.

క్యాంపుకి ఉన్నది ఒకటే లారీ. ఘాటు రోడ్డు ఎక్కుతూ ఉంటే వెనక ఇరుసులో మూలుగు మొదలైంది. విప్పి చూస్తే పినియన్ అనే పళ్ళచక్రాన్ని మోసే బేరింగులు నుగ్గయ్యాయి. కొత్తవి నర్సీపట్నం నుంచి ఎడ్లబండి మీద వచ్చాయి. అప్పటికి ఐదుగురు సిపాయిలు మన్యం జ్వరంతో పడి ఉన్నారు. ఒకడికి స్పృహ లేదు. నాకూ జ్వరమే. నిలబడగలుగుతున్నాను, అంతే.

"మధ్యాహ్నానికి లారీ కదలాలి. కదిలితే సరే, లేకపోతే వీళ్ళని డోలీల్లో దింపుతాం" అన్నాడు జమేదారు.

డోలీలు మోయడానికి పక్క ఊరి మనుషుల్ని పొద్దున్నే తోలుకొచ్చారు. కర్రలు ఒళ్ళో పెట్టుకుని వానలోనే కూర్చున్నారు. పక్కన తుపాకీతో ఒక సిపాయి.

వాళ్ళలో పెద్దాయన నన్ను పిలిచాడు. "బాబూ, ఈ ఇనపబండి లెగుత్తాదా?"

"లేస్తుంది తాతా."

"లెగిత్తే మమ్మల్ని ఒగ్గేత్తారా? సోడిసేనులో కలుపు తియ్యాల."

"జమేదారు అలాగే అన్నాడు."

పినియన్‌కి రెండు బేరింగులు. మధ్యలో పల్చటి ఇత్తడి రేకులు. నట్టు బిగించినప్పుడు బేరింగుల మీద తగినంత ఒత్తిడి పడాలి. చాలకపోతే పినియన్ కదిలి పళ్ళు విరుగుతాయి. ఎక్కువైతే బేరింగు కాలిపోతుంది. ఆ బిగువు చేతికి తెలియాలి. ఆ రోజు జ్వరంతో నా చేతిని నమ్మలేకపోయాను.

స్టోరులోంచి మాంసం తూచే స్ప్రింగు కాటా తెప్పించాను. పినియన్‌కి పురికొస చుట్టి, కాటాతో లాగాను. ముల్లు ఎగిరిపడింది. బిగువెక్కువ. విప్పి ఒక రేకు చేర్చాను. ఈసారి పినియన్ వేలితో ఊపితేనే కదిలింది. వదులెక్కువ.

"సాలన్నా, బేగి బిగించీ. జమేదారు ఇటే సూత్తన్నాడు" అన్నాడు డ్రైవరు. సాలూరు మనిషి.

"వెనకాల పడుకునేది మనవాళ్ళే. ఇంకోసారి విప్పు."

డ్రైవరు మళ్ళీ విప్పాడు. ఆ రేకు తీసి అంతకన్నా పల్చటిది వేశాను. ముల్లు నెమ్మదిగా జరిగి, తాడు అయిపోయేదాకా అక్కడే నిలిచింది.

ఇరుసు కూర్చేసరికి మధ్యాహ్నం దాటింది. అయినా జమేదారు డోలీలు ఎత్తించలేదు. రోగులతో పాటు నన్నూ ఎక్కించారు. ఘాటు దిగాక లారీ ఆపించి, ఇరుసు మీద అరచెయ్యి ఆనించాను. గోరువెచ్చగా ఉంది. స్పృహ లేనివాడు కూడా బతికాడు. ఆసుపత్రిలో లేచి కూర్చుని గంజి తాగడం చూశాను. నన్ను అక్కణ్ణుంచే ఇంటికి పంపేశారు.

ఊళ్ళోవాళ్ళు యుద్ధం సంగతులు అడుగుతారు. నాకు గుర్తొచ్చేది లారీ కదిలిన క్షణం. వెనక బల్ల మీంచి చూశాను. డోలీ మనుషులు ఇంకా కూర్చునే ఉన్నారు. "వెళ్ళండి తాతా" అని అరిచాను. పెద్దాయన నా వైపు చూడలేదు. తుపాకీ సిపాయి వైపు చూశాడు. సిపాయి బీడీ ముట్టించుకుంటున్నాడు. లారీ మలుపు తిరిగేదాకా ఒక్కరూ లేవలేదు.