పస్తు రోజు వేసిన మేత

ఈ మాట నా లోపల పడి ఏళ్లయింది. మోస్తున్నానని నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీతో చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆగితే ఏమీ అనుకోకండి. ఇన్నాళ్లూ ఆగడమే నాకు అలవాటు.

ఒక మనిషి చేతిని నేను పాడుచేశాను. విరగ్గొట్టలేదు, గాయం చెయ్యలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ బస్తాలు ఎత్తుతుంది. కానీ అతను దాన్ని నమ్మడం మానేశాడు.

అప్పట్లో నేను సింగపూర్ ఉత్తరాన, సెంబవాంగ్ దాటాక నీళ్లమీద తేలే ఒక చేపల ఫారంలో పనిచేసేవాణ్ణి. పీపాల మీద చెక్కలు పరిచి, మధ్యలో వలలు కిందికి దించి, ఆ వలల్లో పండుగప్పలు పెంచేవాళ్లం. యజమాని ఒక చైనా పెద్దాయన. అందరం అంకుల్ అనేవాళ్లం. ఫిషరీస్ చదివానని నాకు జబ్బుల పని అప్పజెప్పారు. మేత పని సత్తిబాబుది. కైకలూరు దగ్గరి మనిషి, దాదాపు మా పక్క ఊరు. నన్ను ‘గురూగారూ’ అని పిలిచేవాడు. మొదట్లో వెక్కిరింతగా అనేవాడు, పోనుపోనూ నిజంగానే అనడం మొదలుపెట్టాడు. నా మాట మీద అతనికి అంత గురి.

చేపలకు పేను పడుతుంది. మీరు సూపర్ మార్కెట్‌లో కొనే సాల్మన్‌కూ పడుతుంది, మా పండుగప్పకూ పడుతుంది. గోరంత కూడా ఉండదు. ఒంటిని కరుచుకుని తింటూ ఉంటే ఆ దురద భరించలేక చేప వలకేసి రాసుకుంటుంది, పుండ్లు పడతాయి. దానికి మేం చేసే వైద్యం ఒకటుంది. వల చుట్టూ, అడుగునా టార్పాలిన్ పట్టా బిగించి, లోపలి నీళ్లలో పెరాక్సైడ్ మందు కలిపి, గాలి గొట్టాలు పెట్టి, కాసేపు చేపల్ని అందులో ఉంచుతాం. పేలు ఊడిపోతాయి. కానీ ముందురోజంతా చేపల్ని పస్తుంచాలి. కడుపు నిండిన చేపకు గాలి ఎక్కువ కావాలి. అది మందునీళ్లకు తట్టుకోలేదు, తిన్నది కక్కి, ఉన్న నీళ్లు కూడా పాడుచేస్తుంది. ఆ నియమం పెట్టింది నేను. సత్తికి నేర్పిందీ నేనే.

ఒకసారి ఆ పస్తు రోజునే మా అమ్మ తద్దినం వచ్చింది.

ఊళ్లో అన్నయ్య పెడతాడు. నేను చెయ్యాల్సిందేమీ లేదు. కానీ ఆ ఏడు ఎందుకో ఊరుకోబుద్ధి కాలేదు. అంకుల్, సత్తి మేత బస్తాల కోసం పడవలో ఒడ్డుకు వెళ్లారు. నేను కాస్త అన్నం వండి, నువ్వులు కలిపి రెండు ముద్దలు చేశాను. మొదటిది బయటి నీళ్లలో వదిలాను. చప్పుడు లేకుండా మునిగిపోయింది. కాకి ముట్టేదాకా ఎదురుచూసే అలవాటు మనది. ఎవరో ఒకరు వచ్చి ముట్టినట్టు కంటికి కనబడాలి. మునిగిపోయిన ముద్దను ఎవరు తిన్నారో నాకెలా తెలుస్తుంది? నీళ్ల మధ్య ఉన్న ఆ చెక్కల మీదికి కాకులు కూడా రావు.

రెండో ముద్ద వలలో వేశాను. మర్నాడు మందు పెట్టాల్సిన వలలో.

పొద్దున్నుంచీ తిండి లేని చేపలు. ఒక్కసారిగా ఎగబడ్డాయి. ముద్ద క్షణంలో మాయమైంది. అమ్మ తిన్నదనిపించింది. అక్కడే కూర్చుని ఏడ్చాను, సిగ్గు లేకుండా.

అక్కడితో ఆగి ఉంటే ఈ పూట మీకు ఇది రాసేవాణ్ణి కాదు. మా అమ్మ ఎవరినీ ఆకలితో గడప దాటనిచ్చేది కాదు. ఆవిడ పేరున అన్నం పెట్టిన రోజున అన్ని నోళ్లు నా వైపు తెరుచుకుని ఉంటే, వాటిని పస్తుంచినవాణ్ణి నేనే అని గుర్తొస్తుంటే, ఉండబట్టలేక మేత బస్తా విప్పాను. దోసిళ్లతో వేశాను. వెయ్యకూడదని నాకు తెలియదా? తెలుసు. ఆ ఫారంలో అందరికంటే నాకే బాగా తెలుసు. కొంచెమే కదా, పొద్దుటికి అరిగిపోతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మందు వాయిదా వేద్దామని ఒక్క మాట అన్నా సరిపోయేది. అంటే ఎందుకని అడుగుతారు. అందుకని అనలేదు.

మర్నాడు పట్టా బిగించాం. నా చేత్తోనే మందు కలిపాను. కాసేపటికే చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. పట్టా విప్పేసేలోపే నీళ్ల నిండా తెల్లటి పొట్టలు తేలాయి. అంకుల్ ఒక చేపను కోశాడు. ఇంకొకటి కోశాడు. రెండింటిలోనూ మేత గుళికలు. ఆయన తలెత్తి సత్తిని చూశాడు. నా వైపు చూడలేదు. పస్తుంచమన్నవాడే మేత వేస్తాడని ఎవరు మాత్రం అనుకుంటారు?

చచ్చిన చేపల్ని ట్రేలలోకి ఎత్తుతుండగా సత్తి నన్ను అడిగాడు. అనుమానంగా కాదు. నా తువ్వాలు ఎక్కడన్నా చూశారా అన్నట్టు, మామూలుగా.

“గురూగారూ, మీరేమన్నా మేతేశారేటండి?”

“నేనెందుకేస్తాను సత్తీ? పస్తుంచమన్నదే నేను కదా.”

“అదేనండీ. మరి కడుపులోకి ఎలాగొచ్చిందంటారు?”

ఏమో, తెలియదు అనొచ్చు. అబద్ధమే, అయినా అక్కడితో పోయేది. నేను అది అనలేదు. నేను అన్నది ఇది.

“అలవాటైన చెయ్యి కదా. నిన్న ఆ పక్కనుంచి వెళ్తూ నువ్వే వేసుంటావు. ఇలాంటివి గుర్తుండవు.”

అతను పని ఆపి తన కుడిచేతిని చూసుకున్నాడు. జిగురు, పొలుసులు అంటుకుని ఉన్నాయి. చాలాసేపు చూసుకున్నాడు.

“అయ్యుంటదండి. నా చెయ్యే అయ్యుంటది.”

ఎవరూ అడక్కముందే అంకుల్ దగ్గరికి వెళ్లి తనే వేశానని చెప్పాడు. అతని వర్క్ పర్మిట్ రద్దయింది, ఊరికి పంపేశారు. అతని సంచి నేనే మోసుకెళ్లి పడవలో పెట్టాను. “ఎందుకండీ మీకు శ్రమ,” అన్నాడు.

ఎందుకలా అన్నాను? నా పర్మిట్ పోతుందని భయమా? భయమే. కానీ భయం ఒక్కటే అయితే నోరు మూసుకుంటే చాలు. మనిషి జ్ఞాపకంలోకి చెయ్యి పెట్టి, అతను చెయ్యని పనిని అందులో పెట్టడం దేనికి? తద్దినం పూట పెట్టిన తిండి అన్ని ప్రాణాలు తీసిందని ఒప్పుకుంటే అమ్మకు మచ్చ అనుకున్నానని కొన్నాళ్లు చెప్పుకున్నాను. దిక్కుమాలిన సాకు. అమ్మ బతికుంటే నా చెంప పగలగొట్టేది. అతను నన్ను అంతగా నమ్ముతున్నాడు కనుక అది సులువుగా జరిగిపోయింది. అంతకంటే కారణం నాకు దొరకలేదు.

తర్వాత నేను ఫారం వదిలేశాను. ఇప్పుడు సింగపూర్‌లోనే, వన్-నార్త్ అనేచోట ఒక ల్యాబ్‌లో చేపల జబ్బుల మీదే పని. కొత్తగా చేరినవాళ్లకు, మందుకు ముందు చేపను ఎందుకు పస్తుంచాలో నేనే చెబుతాను. చెప్పేటప్పుడు నా గొంతు మామూలుగానే ఉంటుంది. దానికే నాకు భయం వేస్తుంది.

సత్తి ఊళ్లో ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. అప్పుడప్పుడూ ఫోన్ చేసి బాగోగులు అడుగుతాడు. పాపం, ఉద్యోగం పోయింది, ఎలాగో నిలదొక్కుకున్నాడులే అనుకునేవాణ్ణి. నేను తీసుకున్నది ఉద్యోగం ఒక్కటే అనుకున్నాను. అది కాదని మొన్ననే తెలిసింది.

అతని అల్లుడు కొత్తగా చెరువు తవ్వించాడు. మా వైపు కొత్త చెరువులో మొదటి బిందెడు చేపపిల్లల్ని చెయ్యి మంచిదని పేరున్న మనిషి చేత వదిలిస్తారు. ఇంటి పెద్ద కనుక సత్తినే వదలమన్నారట. అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వెళ్లి దూరంగా నిలబడ్డాడట. ఇంట్లో బాతులకు కూడా తను మేత వెయ్యడట. ఇదంతా అతనే ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు.

“నా చెయ్యి మంచిది కాదండి. వల మొత్తం చంపేసింది. మీరు ఓసారి వచ్చెళ్లండి గురూగారూ. మొదటి బిందె మీ చేత్తో వదిలితే పిల్లాడు బాగుపడతాడు. మీది మంచి చెయ్యండి.”

సెలవు దొరకదేమో సత్తీ అన్నాను. పర్లేదండి, మీకు వీలైనప్పుడే వదులుదాం, అప్పటిదాకా చెరువుకి నీళ్లు పెట్టి ఉంచుతాం అన్నాడు. ఫోన్ పెట్టేశాక మా బూన్ లే ఫ్లాట్‌లో పక్క గదిలోంచి వచ్చి, ఎవరు డాడీ అని మా అమ్మాయి అడిగింది. ఊళ్లో ఫ్రెండ్, రమ్మంటున్నాడు అన్నాను. “దెన్ గో లా,” అని ఇక్కడి యాసలో అనేసి తన గదిలోకి వెళ్లిపోయింది.

ఆ చెరువు ఒక్క చేపపిల్లయినా లేకుండా నా కోసం ఖాళీగా ఉంది. నేను వెళితే బిందె నా చేతికిస్తారు, అతను వెనక నిలబడి దండం పెట్టుకుంటాడు. వెళ్లకపోతే ఇంకెవరినో పిలుస్తారు, అతని చేతులు మాత్రం వెనకే ఉంటాయి. నిజం చెబితే? ఇన్నేళ్లూ తన చేతిని తిట్టుకున్న మనిషికి అది నీది కాదయ్యా నాది అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పక్కన పెట్టేశాను. ఇప్పటికీ చెయ్యలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ దగ్గర లేదు.

ఇక్కడైతే రాస్తున్నాను. సత్తిబాబు ఆ రోజు మేత వెయ్యలేదు. అతని చెయ్యి ఏ చేపనూ చంపలేదు. మేత వేసింది నేను.

రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక నాకు. సత్తికి ఇంకా చేరలేదు.