ఆమె ఇంటిపేరు రాట్నాల

మా ఇంగ్లిష్ టీచర్ మొన్న శుక్రవారం పొద్దున సిరిసిల్లలో కన్నుమూశారు. జగిత్యాల నుంచి నేను చేరేసరికి వాళ్ళ వీధి మలుపులో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టేశారు. ఫొటో ఆమెదే. కింద ఇంటిపేరు మాత్రం భర్తది. ఏడుపుకంటే ముందు నాకు కోపం వచ్చింది. వచ్చినందుకు సిగ్గేమీ లేదు.

పెళ్ళయి నలభై ఏళ్ళయినా ఆమె పుట్టింటి పేరు వదల్లేదు. రాట్నాల. ఆమె తాతముత్తాతలు నేతవాళ్ళకు రాట్నాలు చేసిచ్చేవాళ్ళట. కోరుట్లలో ఉండే అత్తగారి తరఫు చుట్టాలు మూతి ముడిస్తే, "ఊరు మార్చుకున్న, వంట మార్చుకున్న. ఇగ చాలు" అనేవారట. రేషన్ కార్డులో భర్త ఇంటిపేరు పడితే మూడుసార్లు ఆఫీసుకు తిరిగి దిద్దించుకున్నారు.

మేం తొమ్మిదిలో ఉన్నప్పుడు మాలో సగంమంది ఇంటిపేరు చెప్పడానికి నామోషీ పడేవాళ్ళం. పేరు వింటే నేతపని వాళ్ళమని తెలిసిపోతుందని. ఒకరోజు ఆమె బోర్డు మీద వెబ్‌స్టర్ అని ఒక ఇంగ్లిషు ఇంటిపేరు రాసి, ఎవరని అడిగారు. "దొర" అన్నాం.

"దొర గాదు. మీ ఇండ్లోల్ల లెక్కనే బట్ట నేసెటోల్లు."

ఆ పేరు మొదట్లో నేసే ఆడవాళ్ళదట. ఇంగ్లండులో ఉత్తరాన వెబ్‌స్టర్లు ఎక్కువట, దక్షిణాన అదే పనివాళ్ళకు వెబ్ అని పేరట. తర్వాత ఓడలెక్కి అమెరికా, ఆస్ట్రేలియా కూడా చేరారట. మగ్గం ఎప్పుడో వదిలేశారు, పేరు వదల్లేదు. "గాల్లకు లేని సిగ్గు మీకేందే?" అన్నారు.

మర్నాడు మాచేత మా ఇంటిపేర్ల వాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో రాయించారు. కొందరివి పక్కనున్న తంగళ్ళపల్లి నుంచి మగ్గాల పని దొరికే భీవండి, సూరత్ దాకా పోయాయి. నా ఇంటిపేరు వాళ్ళు నాలుగిళ్ళే తేలారు. నేను మొహం చిన్నబుచ్చుకుంటే, "నాలుగిండ్లే ఉంటె ఇంకింత గట్టిగ చెప్పాలె బిడ్డా" అన్నారు.

ఆ పేరునే నేను పెళ్ళయ్యాక నోరెత్తకుండా వదిలేశాను. ఆమెకు తెలుసు. ఫోన్‌లో మాత్రం చివరిదాకా పాత ఇంటిపేరుతోనే పిలిచారు. ఆ పిలుపు కోసమే నేను ఫోన్ చేసేదాన్ని.

ఫ్లెక్సీ దగ్గర ఆమె మరిది ఉన్నాడు. పేరు తప్పు పడిందన్నాను.

"మా ఇంటికచ్చిన మనిషి. మా ఇంటిపేరే ఉంటది. నువ్వెవలు చెప్పెతందుకు?"

"ఆమె దగ్గర చదువుకున్న కాకా. దించున్రి."

"గీ గడియల లొల్లా?"

"గీ గడియలనే. రేపు ఆమె అచ్చి దిద్దుకుంటదా?"

అప్పటిదాకా గడపలో తలొంచుకుని కూర్చున్న ఆమె భర్త లేచారు. "తమ్మీ, దించుర. ఆమె సంతకం ఎట్ల పెట్టేదో నాకెరుక" అన్నారు. మరిది వెళ్ళి తాళ్ళు విప్పాడు.

సాయంత్రానికి కొత్తది కట్టారు. మరమగ్గాల కార్ఖానాల్లో నూలు కండెలు చుట్టి ఇళ్ళకు పోతున్న ఆడవాళ్ళు ఆగారు. ఒకామె పైకి చదివి, పక్కామెనడిగింది.

"రాట్నాల అంటె ఆమె తల్లిగారింటి పేరు గదనే?"

అది విని ఒక పెద్దావిడ, ఎవరూ అడక్కుండానే, తన తల్లిగారింటి పేరు చెప్పింది. పక్కనున్నామె తనది చెప్పింది. నేనూ నాది చెప్పాను. అందరిలోకి ముసలామె నోరు తెరిచి ఆగిపోయింది. తన పేరు గుర్తుకు రావడం లేదు.

"పొద్దు గూకింది, పోదాం పా" అని మిగతావాళ్ళు చేయి పట్టి లాగారు.

ఆమె చేయి విడిపించుకుని ఫ్లెక్సీ కర్ర పట్టుకుంది. "మీరు పోన్రి. యాదికచ్చేదాంక నేను ఈడికెల్లి కదల."