ఆడి గాలి, ఊలు బంతులు, మా నాయన ఆఖరి ఫైనల్

మా చిన్నప్పుడు పుత్తూరులో ఆషాఢంలో ఆడి గాలి మొదలైందంటే, నాకు మనుషుల మీద అనుమానాలు కూడా మొదలయ్యేవి...

ఎందుకంటే ఆ రోజుల్లోనే మా ఇంటి పక్క హైస్కూలు మైదానంలో బాల్ బ్యాడ్మింటన్ పోటీలు జరిగేవి. జట్టుకు ఐదుగురు... పసుపు పచ్చని ఊలు బంతి... ఇరవై తొమ్మిది పాయింట్ల ఆట. పుత్తూరు జట్టుకు మా నాయన కెప్టెన్. ఆయన్ని ఓడించడానికి లోకమంతా కుట్ర పన్నుతోందని పదేళ్ళ నా గట్టి నమ్మకం.

ఆ ఫైనళ్ళలో నాకిష్టమైన ఘట్టాలు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. ఒకసారి వల కట్టిన గుంజ ఊడిపోతే, మళ్ళీ పాతేదాకా రెండు జట్లూ ఒకే గెలలోని అరటిపళ్ళు తింటూ కూర్చున్నాయి. ఎదుటి జట్టుకు పెద్ద పళ్ళు వెళ్ళాయని నేను గమనించాను. ఇంకోసారి నాయన వెనక్కి పరిగెత్తి, ఆట చూస్తున్న ఒక ముసలాయన ఒళ్ళో పడిపోతూ కూడా బంతిని వల దాటించాడు. ఆ ముసలాయన కావాలనే కాలు అడ్డం పెట్టాడేమోనని నాకు ఇంకా సందేహమే.

అన్నిటికన్నా గుర్తున్నది మాత్రం డెబ్బైల చివర్లో జరిగిన ఫైనల్. నాయనకు అదే ఆఖరుది. ఎండాకాలంలో సైకిల్ మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పి నెల కూడా కాలేదు. "ఈ ఒక్కసారి ఆడి బ్యాటు గోడకు తగిలిచ్చేస్తా" అని అమ్మకు మాటిచ్చి దిగాడు. అంతకుముందు రెండేళ్ళూ ఫైనల్లో ఓడిపోయాడు పాపం.

ఎదుటి జట్టు నగరిది. వాళ్ళ కెప్టెన్ మునస్వామి మామ మగ్గం నేసే మనిషి. దారం గుణం వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది... బంతేమో దారంతో చేసిందాయె. నా అనుమానానికి అంత చాలు.

మైదానం పక్కనే కాబట్టి వల, సున్నం మూట, బంతులు అన్నీ మా ఇంట్లోనే పెట్టేవారు. ఫైనల్ రోజు మధ్యాహ్నం నాయన మైదానంలో గీతలు వేయిస్తున్నాడు. మునస్వామి మామ మా ఇంటికి వచ్చి అమ్మను చెంబెడు నీళ్ళడిగాడు. తాగడానికేమో అనుకుని ఇచ్చి ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. ఆయన ఆ నీళ్ళు దోసిట్లో తీసుకుని, మగ్గం మీది పడుగు దారాల మీద చల్లినట్టు ఆరు బంతుల మీదా చల్లాడు... వాటిని తడి తువ్వాల్లో చుట్టి పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయాడు.

తడిస్తే ఊలు బంతి బరువెక్కుతుంది. బరువు బంతి కొడితే నాయన మణికట్టు ఏం కావాలి?

చెబితే ఎవరూ నమ్మరని తెలుసు. ముందు ఏడాది అంపైరు నగరి వాళ్ళ ఫ్లాస్కులో కాఫీ తాగాడని అందరి ముందూ అరిచినందుకు నాయన నా చెవి మెలిపెట్టాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు. అమ్మ వంట ముగించిన పొయ్యి ఇంకా వేడిగానే ఉంది. బంతులు చేటలో పోసి దాని పక్కనే పెట్టాను. తిప్పి తిప్పి ఆరబెట్టి, పొడి తువ్వాల్లో చుట్టి మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశాను. నాయనను కాపాడానని ఎంత సంబరమో...

సాయంత్రం ఆట మొదలైంది. గాలి ఈడ్చి కొడుతోంది. నాయనేమో కోర్టు వెనక భాగంలో నిలబడి ఎత్తుగా లేపి కొట్టే రకం. ఆయన లేపిన బంతి లేపినట్టే గీత అవతలకు ఎగిరిపోతోంది. వల దగ్గర కిందకు కొట్టే నగరి వాళ్ళకు అంత ఇబ్బంది లేదు. మొదటి గేమ్ పోయింది.

అప్పుడు మునస్వామి మామ బంతి పట్టుకుని నాయన దగ్గరకు వచ్చాడు. నేను గీత పక్కనే ఉన్నాను.

"అన్నా, గాలికని మనమిద్దరం అనుకునే కదా తడిపింది... ఎట్ల ఆరిపోయినాయి ఇవి? అంపైరుకు చెప్పి ఇంకోసారి తడుపుదామా?"

ఆడి గాలికి బంతి ఎగిరిపోకుండా ప్రతి ఏడాదీ ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుని బంతులు తడుపుతారట.

నాయన బంతి అందుకుని నొక్కి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు... పొయ్యి పొగ వాసన ఆయనకు తెలియనిదా? అంపైరు దాకా పోతే, బంతులు ఎవరింట్లో ఉన్నాయి, ఎవరు ముట్టుకున్నారు అని జనం మధ్యలో విచారణ మొదలవుతుంది.

"వద్దులేప్పా. గాలికి ఆరింటాయి. ఇట్లనే ఆడేద్దాం."

రెండో గేమ్ ఎలాగో గెలిచాడు. మూడోదాంట్లో ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది. ఆఖరి బంతి నాయనే లేపాడు. అది గాలిలో తేలుతూ తేలుతూ పోయి గీతకు జానెడు అవతల పడింది.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది, "ఈ చేట పొయ్యి కాడికి ఎట్ల వచ్చిండాది?"

"నేనే పెట్టినాలే" అన్నాడు నాయన, బ్యాటు గోడకు తగిలిస్తూ. ఆ తర్వాత దాన్ని ఆయన కిందకు దించలేదు. నన్నూ ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు... చెప్పాలనుకునేసరికి ఆయన లేడు.

ఇప్పుడు అందరూ నాలుగు గోడల మధ్య షటిల్ ఆడుతున్నారు. గాలి బెడద లేదు. ఎదుటి జట్టు మనిషిని నమ్మి మన బంతులు అప్పజెప్పే పనీ లేదు. ఊరంతటినీ అనుమానించిన నేనే ఆ రోజు నాయనను ఓడించాను. అది తెలిసిన ఒక్క మనిషీ తప్పును గాలి మీదకు తోసేసి ఊరుకున్నాడు.

మీ కోసం తెలిసి తెలిసి ఓడిపోయిన మనిషి మీకూ ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి... ఈసారికి అనుమానపడకుండా చదువుతాను.