పోలమ్మ, వైరు లేని డ్రిల్లు

పోలమ్మకు మా కార్ఖానాలో ఇచ్చిన పని ఏమిటో వినగానే నాకు గుండె ఝల్లుమంది. డ్రిల్లు మిషన్లు పంచే పని. ఆమె భర్త చనిపోయింది డ్రిల్లు వల్లే.

అప్పట్లో భిలాయి స్టీలు ప్లాంటుకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న చిన్న కార్ఖానాలు నందినీ రోడ్డు వైపు చాలా ఉండేవి. అలాంటి ఒకదాని ఆఫీసులో నేను టైపు కొట్టేదాన్ని. 1979 వానాకాలంలో మా ఫిట్టరు త్రినాథరావు తడి నేల మీద నిలబడి ఇనపకమ్మీకి బెజ్జం వేస్తూ షాకు కొట్టి చనిపోయాడు. మిషను లోపల ఎక్కడో తీగ తొడుగు ఊడిపోయిందని, కరెంటు పైకే వస్తోందని ఎవరికీ తెలియదు. పడిపోయాక కూడా అతని చెయ్యి పిడిని వదల్లేదు.

పోలమ్మ అతని భార్య. చీపురుపల్లి పక్క పల్లెవాళ్ళు. ఖుర్సీపార్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. ఆమె ఊళ్ళో అయిదో తరగతి దాకా చదువుకుంది. ఆ చదువు చాలునని యజమాని ఆమెను టూల్ రూములో పెట్టాడు. పనివాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ కిటికీలోంచి ఇస్తే, పనిముట్టు అతనికిచ్చి ఆ బిళ్ళను ఖాళీ అయిన మేకుకు తగిలించాలి. అంతే పని.

సుత్తులు, స్పానర్లు చకచకా అందించేది. డ్రిల్లు అడిగితే మాత్రం కొంగు చేతికి చుట్టుకుని, మిషను ఉన్న చెక్కపెట్టెనే కిటికీ దాకా తోసేది. చేరిన వారంలోనే నరసింగరావు అది చూసి నవ్వాడు. అతనూ ఫిట్టరే, త్రినాథరావుకు స్నేహితుడు.

“వొదినా, అది ప్లగ్గుకే పెట్టనేదు కదా. కరెంటెక్కడినుంచొస్తాది? ఒట్టుకో, ఏటీ అవ్వదు.”

“మీ అన్న కూడా ఏటీ అవ్వదనే ఒట్టుకున్నాడు,” అంది పోలమ్మ.

నరసింగరావు మళ్ళీ ఆమె దగ్గర ఆ మాట ఎత్తలేదు.

మా ఎలక్ట్రీషియను మన్‌రాఖన్ ఛత్తీస్‌గఢ్ వాడే, ఉతై నుంచి సైకిలు మీద వచ్చేవాడు. మంచివాడు. “దీదీ, ఖాలీ డర్‌నే సే క్యా హోగా? జాంచ్ కర్‌నా సీఖో,” అన్నాడు. వట్టినే భయపడితే ఏం లాభం, పరీక్షించడం నేర్చుకోమని టెస్టు బల్బు ఎలా వాడాలో నేర్పాడు. మిషను ప్లగ్గుకు పెట్టి, కర్రతో మీట నొక్కి, బల్బు తీగల్లో ఒకటి మిషను ఒంటికి, రెండోది నేలలోకి దిగిన ఎర్తు పట్టీకి ఆనించాలి. బల్బు వెలిగిందంటే ఆ మిషను మనిషిని చంపుతుంది. పోలమ్మ పొద్దున్నే చెక్కపలక మీద, రబ్బరు చెప్పులతో నిలబడి, ఒక్కొక్క మిషనునీ అలా చూసేది. డిసెంబరు చలిలో కూడా చెమటతో ఆమె జాకెట్టు తడిసిపోయేది. ఆరేళ్ళలో పదకొండుసార్లు బల్బు వెలిగింది. వెలిగిన ప్రతిసారీ ఆ పూట ఆమె అన్నం తినలేదు. ఇంటి దగ్గరైతే రోజూ పక్కింటి అప్పయమ్మ వచ్చి దీపం స్విచ్చి వేసిపెట్టాల్సిందే.

1986 మార్చిలో యజమాని తమ్ముడు సింగపూరు నుంచి రెండు వైరు లేని డ్రిల్లులు తెచ్చాడు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి నారింజరంగుది. ఫోర్‌మన్ భుజంగరావుగారు ఆఫీసులోనే పెట్టె విప్పి మీట నొక్కారు. అది గిర్రుమనగానే పోలమ్మ గుమ్మం దాకా వెనక్కి వెళ్ళిపోయింది.

“బాబూ, దీనికి వైరేదీ?”

“లేదు పోలమ్మా. పిడిలో బ్యాటరీ ఉంది.”

“మరి షాకు?”

“మీ ఇంట్లో టార్చిలైటు ఎప్పుడైనా షాకు కొట్టిందా?”

ఆమె గుమ్మం దగ్గర్నుంచి ముందుకు వచ్చింది. తర్వాత కొంగు చుట్టుకోకుండానే ఒక వేలు చాచి ఆకుపచ్చ మిషనును తాకింది. ఆపైన అరచెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో ఆమె వట్టి చేత్తో డ్రిల్లును పట్టుకోవడం అదే మొదటిసారి.

రెంటిలో ఏది మంచిదో చూసి చెప్పమన్నాడు యజమాని. ఆకుపచ్చదాని బ్యాటరీ కర్రముక్కలా పిడిలోంచి బయటికి వచ్చేది. అలాంటివి రెండిచ్చారు. గంటలో చార్జి అయ్యేది. నారింజదాని బ్యాటరీ లోపలే బిగించి ఉండేది. మిషనునే తెల్లవార్లూ ప్లగ్గుకు పెట్టి ఉంచాలి. కానీ తేలిక. పైగా ఒకే రేకు మీద ఆకుపచ్చది ఆరు బెజ్జాలు వేస్తే నారింజది తొమ్మిది వేసింది. అందుకని నరసింగరావు నారింజదే బాగుందన్నాడు.

“బాగున్నాదిలే,” అంది పోలమ్మ. “పొద్దున్న తొమ్మిదేసి ఇంక రేపటిదాకా పడుకుంటాది. పచ్చది గంటకోపాలి కూడు తినేసి లేసొస్తాది.”

భుజంగరావుగారికి రెండూ నచ్చలేదు. మందపు ప్లేటు మీద పెడితే రెండూ మూలిగి ఆగిపోయేవి. పిల్లల ఆటబొమ్మలంటూ కొట్టిపారేశారు.

వైరు లేదన్న సంతోషం పోలమ్మకు ఎన్నాళ్ళో నిలవలేదు. చార్జరుకు వైరు ఉంది. మొదటిరోజు బ్యాటరీ వేడెక్కడం చూసి పేలిపోతుందనుకుంది. గంటసేపు బయట ఎండలో నిలబడి, ఎవర్నీ కిటికీ దగ్గరికి రానివ్వలేదు. మే నెలలో పని చేసి వచ్చిన బ్యాటరీ వేడికి అసలు చార్జే ఎక్కేది కాదు. దాన్ని మంచినీళ్ళ కుండ పక్కన బండ మీద పెట్టి, చల్లారాక చార్జరులో పెట్టాలని ఆమే కనిపెట్టింది. ఎవరూ చెప్పలేదు.

దీపావళి వెళ్ళాక నారింజది రెండు నిమిషాలు తిరిగి ఆగిపోవడం మొదలైంది. రిపేరుకు కలకత్తాలో ఏజెంటు ఉన్నాడంటే నేనే ఉత్తరం టైపు చేశాను. మిషను పార్సిల్లో పంపాం. రెండు ఉత్తరాలు మళ్ళీ రాశాక, మూడు నెలలకు జవాబు వచ్చింది. బ్యాటరీ విడిగా దొరకదు, కొత్త మిషను కొనుక్కోండి అని. తిరిగొచ్చిన మిషనుకు మీట కూడా విరిగి ఉంది. మన్‌రాఖన్ విప్పితే లోపల తెల్లటి పొడి రాలింది.

ఆకుపచ్చదాని బ్యాటరీల్లో ఒకటి అప్పటికే నీరసించింది. పవర్‌హౌస్ అని పిలిచే బజారులో ఒక రేడియో మెకానిక్కు దాన్ని విప్పి, చచ్చిన సెల్లులు తీసి వేరేవి అతికించాడు. మూడు బెజ్జాల దాకా వచ్చేది. ఆ మాత్రానికే పోలమ్మ దాన్ని ఎంతో అపురూపంగా చూసుకుంది.

1987 జులైలో నాలుగు రోజులు వదలకుండా వాన పడింది. షెడ్డు వెనక పెద్ద ఇనప నీళ్ళ ట్యాంకు తయారవుతోంది. తెల్లారితే దాన్ని పరీక్ష చేయడానికి కొనేవాళ్ళ మనుషులు వస్తారు. లోపలి నిచ్చెన బిగించడానికి ఇంకా పదహారు బెజ్జాలు వెయ్యాలి. ట్యాంకు అడుగున చీలమండ లోతు నీళ్ళు. నరసింగరావు ఆకుపచ్చ డ్రిల్లుతో దిగాడు. మధ్యాహ్నానికి రెండు బ్యాటరీలూ అయిపోయాయి. అతను బిళ్ళ తీసుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

“వొదినా, వైరుది ఇచ్చీ.”

“నానివ్వను. గంటాగు, బేటరీకి చార్జి ఎక్కిపోతాది.”

“గంటకి ఆరు కూడా అవ్వవు. ఫోర్‌మన్‌బాబు అరుస్తన్నాడు.”

“అరవనీ.”

భుజంగరావుగారే వచ్చారు. నేను ఏదో కాగితం మీద సంతకం కోసం ఆయన వెనకే ఉన్నాను. పోలమ్మ డ్రిల్లుల బీరువా తాళంచెవి పిడికిట్లో బిగించుకుని నిలబడి ఉంది. 

“పొద్దున్న నువ్వే టెస్టు చేశావు కదా? బల్బు వెలిగిందా?”

“నేదు బాబూ.”

“మరి భయమెందుకు?”

“అందులో నీల్లున్నాయి బాబూ. నీల్లలో దింపకండి. మీ కాల్లు ఒట్టుకుంటాను.”

“ఇవ్వకపోతే రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదు.”

ఆమె తాళంచెవి ఇవ్వలేదు. ఏడవనూ లేదు. భుజంగరావుగారు నిజానికి చెడ్డవారు కాదు. ఆ వేళ ఆయన పైనా ఒత్తిడి ఉంది. విసురుగా వెళ్ళి పక్క షెడ్డు నుంచి వాళ్ళ డ్రిల్లు అరువు తెప్పించారు. పొడవాటి వైరు కట్టించి, దాన్ని నరసింగరావు చేతికి ఇచ్చారు.

కిటికీలోంచి పోలమ్మ అది చూసింది. నరసింగరావు గమ్‌బూట్లతో నిచ్చెన ఎక్కి, ట్యాంకు అంచు దాటి లోపలికి దిగాడు. పైనుంచి ఎవరో మిషను అందించారు. అంతలో పోలమ్మ నా పక్కనుంచి పరుగెత్తింది. ట్యాంకు వైపు వెళుతుందనుకున్నాను. ఆమె షెడ్డు మూలనున్న మెయిను బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో దీపం స్విచ్చి ముట్టుకోని మనిషి, ఆ పెద్ద ఇనప పిడిని రెండు చేతులతో పట్టుకుని వేలాడుతూ కిందికి లాగేసింది.

షెడ్డంతా ఒక్కసారిగా ఆగిపోయింది. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

“ఎవడ్రా మెయిను తీసింది?” అని భుజంగరావుగారు పరుగెత్తుకొచ్చారు. పోలమ్మ పిడిని వదలలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. కరెంటు తనను కూడా పట్టేసిందని ఆమె అనుకుంటోందని నాకు అప్పుడు తట్టింది. “ఏమీ కాలేదు, పోలమ్మా, వదులు” అంటూ ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. మంచులా ఉన్నాయి.

“మన్‌రాఖన్‌ని సూడమనండి,” అంది ఆమె. “సూసినాక నన్ను తీసేయండి.”

మన్‌రాఖన్ ఆ అరువు డ్రిల్లును ట్యాంకులోంచి పైకి తెప్పించి, పొడిగా ఉన్న చోట చెక్కపలక మీద పెట్టాడు. మెయిను మళ్ళీ వేసి, కర్రతో మీట నొక్కి, టెస్టు బల్బు తీగలు ఆనించాడు. బల్బు వెలిగింది. మినుకుమినుకుమని కాదు, ఇంట్లో దీపంలా వెలిగింది.

నరసింగరావు ట్యాంకులోంచి బయటికి వచ్చి ఆ బల్బు వంక చూశాడు. అలాగే వానలో కూలబడిపోయి, తిన్నదంతా వాంతి చేసుకున్నాడు. అతని గమ్‌బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. మీట మీద వేలు పెట్టానని, నొక్కబోయే లోపే షెడ్డంతా మూగబోయిందని తర్వాత చెప్పాడు.

 భుజంగరావుగారు ఆఫీసులోకి వచ్చి కూర్చున్నారు.  కాసేపటికి, “ఒక లెటరు టైపు చెయ్యమ్మా,” అన్నారు. ఆకుపచ్చ డ్రిల్లుకు ఇంకో నాలుగు బ్యాటరీలు తెప్పించమని యజమానికి. ట్యాంకుల లోపల, తడి చోట్ల వైరున్న మిషను వాడకూడదని ఇంకో కాగితం, గోడకు అంటించడానికి. అందులో పోలమ్మ పేరు రాయించబోయి ఆగిపోయారు.

మర్నాడు పోలమ్మ రాలేదు. మూడోరోజు వచ్చి, లోపలికి అడుగుపెట్టకుండా గుమ్మంలోనే నిలబడింది.

“నన్ను తీసేసినారా అమ్మా?”

“లేదు. ఎవరూ తియ్యలేదు.”

“తీసేస్తే బాగున్ను.” గోడకు ఆనుకుంది. “ఆయన పోయినప్పుడు నాను సూడనేదు. ఎలాగ పోయినాడో తెలీదు. మొన్న నర్సింగు దిగుతుంటే సూసినాను. అచ్చంగా ఆయనే దిగినట్టున్నాది. రెండ్రోజులై కన్ను మూతపడ్డం నేదు.”

నేను టీ తెప్పించాను. తాగి, వెళ్ళి టూల్ రూము తాళం తీసింది.

ట్యాంకు రెండు రోజులు ఆలస్యమైంది. మిగిలిన బెజ్జాలన్నీ ఆ ఆకుపచ్చ డ్రిల్లుతోనే వేశారు. వచ్చినవాళ్ళు విసుక్కున్నారు గానీ సరుకు తీసుకున్నారు. బ్యాటరీలు నవంబరులో వచ్చాయి. నాలుగడిగితే మూడు వచ్చాయి, అందులో ఒకటి మొదటినుంచీ పనిచెయ్యలేదు. దాన్ని మార్చమని నేను రాసిన ఉత్తరాలకు జవాబే లేదు.

ఆ దసరాకు ముందు నరసింగరావు భార్య జోగమ్మ ఒకరోజు కార్ఖానాకు వచ్చింది. పోలమ్మ ఆమెకు స్టూలు వేసింది. ఏదో చెప్పాలని వచ్చినట్టుంది గానీ, కూర్చున్నదగ్గర్నుంచీ ఏడుస్తూనే ఉంది. పోలమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి, కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళకు రెండో చేత్తో పనిముట్లు అందిస్తూ పోయింది.

1989లో పెళ్ళయి నేను చరోదా వెళ్ళిపోయేదాకా ఆమె అక్కడే పనిచేసింది. జోరువాన పడిన రోజుల్లో ఆమె రాకపోతే భుజంగరావుగారు ఎప్పుడూ ఎందుకని అడగలేదు.