మిషను మోత

దర్జీగారి అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిస్తే గోడకి వీపు ఆనించి కూర్చుంటుంది. తెర ఎవరి కంటా పడకూడదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎడమచేతి వేళ్లు కీబోర్డు మీద, ఆటలో బొమ్మని నడిపే నాలుగు అక్షరాల దగ్గరే. తలుపు చప్పుడైతే ఆట మాయమై పాఠం ప్రత్యక్షమవుతుంది. యూనివర్సిటీలో చేరేముందు తండ్రితో ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్తే, షాపతను పల్చటిది, చవకది చూపించి, "చదువుకైతే ఇది చాలండీ" అన్నాడు. ఆమె దాని వంకైనా చూడకుండా, "మా కోర్సుకి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి నాన్నా" అంది. షాపతను ఆమెని ఓసారి చూసి, ఆటల పిచ్చివాళ్లు కొనే ఎర్రలైట్ల కీబోర్డున్నది తెచ్చి పెట్టాడు. తండ్రి గుడ్డ నాణ్యం చూసినట్టు దాని అంచును బొటనవేలితో నిమిరి, "చదువు దగ్గర పిసినారితనం ఎందుకులే" అన్నాడు. కుట్టుమిషనుకి మోటారు పెట్టిద్దామని దాచిన డబ్బు దానికే పోయింది. ఆయన ఇంకా కాళ్లతోనే తొక్కుతున్నాడు.

ఆట చప్పుళ్లు ఇయర్‌ఫోన్లు దాటవు గాని, ఆట ముదిరితే ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను హోరెత్తకుండా ఆపడం ఆమె వల్ల కాదు. నిన్న సాయంత్రం అలాగే హోరెత్తింది. మిషను మోతను బట్టే పని బరువు చెప్పగల తండ్రి, ముందుగదిలో తొక్కడం ఆపి, "మెల్లగా మాట్లాడవే, పిల్ల ఏదో పెద్ద పనిలో ఉంది" అన్నాడు భార్యతో. తన టేబుల్ ఫ్యాను తెచ్చి ల్యాప్‌టాప్ వైపు తిప్పి, మెడ తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె ఆట మూసేసింది. కాసేపటికి ల్యాప్‌టాప్ మోత అణిగింది.

"ఏమ్మా, ఆగిపోయావు? కష్టంగా ఉందా?" అన్నాడు తండ్రి ముందుగదిలోంచే.

"లేదు నాన్నా, చేస్తున్నా" అంటూ, ఆ మోత కోసమే మళ్లీ ఆట తెరిచింది.