తడి కాయ

నేనూ, నా స్నేహితుడు మస్తానూ గుంటూరులో మిర్చి వ్యాపారులం. స్కూబా డైవింగ్ నేర్చుకున్నాక, సముద్రంలో మునిగిన ఓడను చూడాలని విశాఖ వెళ్లాం.

మొదట వెళ్లిన డైవింగ్ ఆఫీసులో కూల్‌డ్రింకులిచ్చి, "సాయంత్రమే దింపేస్తామండి, ఏం భయం లేదు" అన్నారు. రెండోచోట, రేకుల షెడ్డులో, డైవింగుకు తీసుకెళ్లే ఒకావిడ మా సర్టిఫికెట్లు చూసి, ఆరోగ్యం గురించి అడుగుతుండగా నాకు తుమ్ములు మొదలయ్యాయి. మిర్చి యార్డు ఘాటు ఊరు దాటినా వదలదు. ఆగకుండా తుమ్ముతుంటే అక్కడున్నవాళ్లంతా నవ్వారు. తలెత్తలేకపోయాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ముక్కు పట్టేసిందండీ. ఇలా దిగితే చెవులు దెబ్బతింటాయి. తగ్గాక రండి" అన్నారు.

బయటికి రాగానే మస్తాన్‌కి మండింది. "వచ్చిన బేరాన్ని ఎవరైనా వెనక్కి పంపుతారా? మొదటివాళ్ల దగ్గరికే పోదాం పద."

"ఒరేయ్, రైతు తడి కాయ తెస్తే నువ్వేమంటావు?"

"ఆరబెట్టుకుని రమ్మంటాను" అన్నాడు. అన్నాక వాడికే నవ్వొచ్చింది.

ముక్కు దిబ్బడ తగ్గాక మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్లాం. "తగ్గిందా?" అని ఆవిడ నన్నడిగితే మస్తానే జవాబిచ్చాడు.

"బాగా ఎండాడమ్మా. ఊపి చూడండి, ఎండు కాయలా గలగలమంటాడు."

ఆ ఓడ చుట్టూ చేపల గుంపులు చూస్తూ ఆవిడ వెనకే ఈదాను. వద్దని చెప్పగల మనిషి ముందుంటే ఎంత లోతైనా భయమెయ్యదు.